తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగ్ అనంతపురంలో ఎక్కడ? ఫోన్‌తో ఇలా వెతకండి

బిర్యానీ సెంటర్ వెతికినంత ఈజీగా తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగ్ దొరకదు. నాన్న కోసమో, అన్న కోసమో, తమ కోసమో వెతికేవాళ్లు 'నియర్ మీ' అని కొట్టి, ఏమీ రాకపోతే అక్కడితో వదిలేస్తారు. కానీ ఫ్రెండ్స్, మ్యాప్ ఖాళీగా ఉందంటే సాయం లేదని కాదు. మన ఊరి డేటా అందులోకి ఎక్కలేదని కూడా కావచ్చు. అందుకే యాప్ ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ కాల్ చేయడమే బెటరో వరుసగా చెప్తాను.

ముందు సేఫ్టీ

చాలాకాలంగా రోజూ బాగా తాగేవాళ్లు సొంతంగా ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. మొదటి రోజే చేతులు వణకడం, చెమటలు మొదలవ్వొచ్చు. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావొచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పడం, లేనివి కనిపించడం జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటప్పుడు మీటింగ్ కాదు, వెంటనే 108. మానే ముందే అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో సైకియాట్రీ డాక్టర్‌ను కలిస్తే మందులతో సేఫ్‌గా ఆపిస్తారు. మీటింగ్ పని ఆ తర్వాత మొదలవుతుంది: మళ్లీ తాగకుండా ఉండటం.

ఈ మీటింగ్ అంటే ఏంటి?

ఎక్కువమందికి తెలిసింది ఆల్కహాలిక్స్ అనానిమస్, షార్ట్‌గా ఏఏ. 1935లో అమెరికాలోని అక్రాన్‌లో మొదలైంది. ఫీజు లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. పూర్తి పేరు చెప్పక్కర్లేదు. 'క్లోజ్డ్' మీటింగ్ తాగుడు సమస్య ఉన్నవాళ్లకే, 'ఓపెన్' అయితే ఇంట్లోవాళ్లు కూడా వెళ్లొచ్చు. కుటుంబ సభ్యుల కోసం అల్-అనాన్ అనే వేరే గ్రూపులూ ఉన్నాయి.

స్టెప్ 1: యాప్ చూడండి, కానీ దాన్నే నమ్ముకోకండి

ఏఏ వాళ్ల 'మీటింగ్ గైడ్' యాప్ ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింట్లోనూ ఫ్రీ. నీలం మీద తెల్ల కుర్చీ ఐకాన్ ఉంటుంది. లొకేషన్ ఇస్తే దగ్గరి మీటింగ్‌లు, టైమింగ్స్ చూపిస్తుంది. చిక్కు ఏంటంటే, స్థానిక ఏఏ ఆఫీసులు పంపిన డేటానే అందులో కనిపిస్తుంది. ఎవరూ పంపని చోట స్క్రీన్ ఖాళీ. గూగుల్‌లో వెతికితే ప్రైవేట్ రీహాబ్ సెంటర్ల యాడ్స్ కూడా రావొచ్చు. 'స్పాన్సర్డ్' అని ఉంటే మీటింగ్ అనుకోవద్దు.

స్టెప్ 2: ఊరి పేరు మార్చి కొట్టండి

మన జిల్లాకి ఇదో స్పెషల్ సమస్య. అనంతపూర్, అనంతపురం, అనంతపురము అని మూడు రకాలుగా, ఇంగ్లిష్‌లో 'హెచ్' ఉండీ లేకా రాస్తారు. అన్నీ ట్రై చేయండి. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండయింది. ధర్మవరం, హిందూపురం, కదిరి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. పాత లిస్టుల్లో ఇంకా అనంతపురం కిందే ఉండొచ్చు. బెంగళూరు కూడా సెర్చ్‌లో పెట్టండి. సుమారు 200 కిలోమీటర్లే. అక్కడి నిమ్హాన్స్‌లో వ్యసనాల చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది.

స్టెప్ 3: కాల్ చేయండి

నా లెక్కలో ఇదే అన్నిటికంటే ముఖ్యమైన స్టెప్.

• 14446: కేంద్ర ప్రభుత్వ డి-అడిక్షన్ హెల్ప్‌లైన్, టోల్‌ఫ్రీ.
• 14416: టెలీ మానస్. 2022 అక్టోబర్ 10న మొదలైంది. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

రెండు నంబర్లకీ ఒక్క అంకే తేడా, చూసి నొక్కండి. ఇంటర్నెట్ లేకపోయినా, కీప్యాడ్ ఫోన్ నుంచైనా చేయొచ్చు. ఏఏ ఇండియా అధికారిక సైట్‌లో ఉన్న నంబర్‌కి కూడా చేసి మూడు ప్రశ్నలు అడగండి: ఈ వారం మీటింగ్ నిజంగా ఉందా? ఏ భాషలో? ఎన్నింటికి అయిపోతుంది? కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు నుంచి వచ్చేవాళ్లు చివరి బస్సు టైమ్ చూసుకోకపోతే మొదటి మీటింగే ఆఖరిదైపోతుంది.

స్టెప్ 4: దగ్గర్లో లేకపోతే ఆన్‌లైన్

ఏఏ ఆన్‌లైన్ ఇంటర్‌గ్రూప్ డైరెక్టరీలో భాష, టైమ్ ఫిల్టర్లు ఉన్నాయి. టైమ్ జోన్ చెక్ చేయండి. న్యూయార్క్‌లో రాత్రి 8 అంటే మనకు మర్నాడు ఉదయం 5:30, చలికాలంలో 6:30. సిగ్నల్ వీక్‌గా ఉంటే వీడియో ఆఫ్ చేసి వినండి, డేటా బాగా తగ్గుతుంది.

ప్రైవసీ సెట్టింగ్స్

చిన్న ఊళ్లో విషయం బయటపడుతుందన్న భయంతోనే చాలామంది ఆగిపోతారు. ఇవి సెట్ చేసుకోండి.

• సెర్చ్‌కి ఇన్‌కాగ్నిటో వాడండి.
• గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి.
• జూమ్‌లో జాయిన్ అయ్యే ముందే డిస్‌ప్లే నేమ్ మార్చండి.
• వాట్సాప్ గ్రూప్‌లో చేరితే మీ నంబర్ మిగతావాళ్లకు కనిపిస్తుంది. ఆలోచించి చేరండి.
• ఫోన్ ఇంట్లో అందరూ వాడేదైతే కాల్ లాగ్ కూడా గుర్తుపెట్టుకోండి.

నా సజెషన్

యాప్‌కి పది నిమిషాలు ఇవ్వండి. దొరక్కపోతే సెర్చ్ ఆపేసి 14416కి డయల్ చేయండి. వేరేవాళ్ల కోసం వెతుకుతుంటే లింక్ ఫార్వర్డ్ చేసి ఊరుకోవద్దు. నంబర్ మీరే కలిపి ఫోన్ వాళ్ల చేతికి ఇవ్వండి, వీలైతే మొదటి రోజు వాళ్లతో పాటు బస్సెక్కండి.