అయస్కాంతం పెడితే కరెంటుకు దారి ఎందుకు సులువవుతుంది?

పుదుచ్చేరిలో బీచ్ రోడ్డు వెనక వీధులు గళ్ల కాగితంలా ఉంటాయి. ఒక మూల నుంచి బయల్దేరి నాలుగు వీధులు చుట్టి అక్కడికే రావాలంటే కుడివైపు తిరగొచ్చు, ఎడమవైపు తిరగొచ్చు. మనం ఒక్క దారినే ఎంచుకోవాలి. బాగా చల్లబరిచిన, మలినాలున్న పల్చటి లోహపు పొరలో ఎలక్ట్రాన్‌కు ఆ ఇబ్బంది లేదు. అది తరంగం కూడా కాబట్టి ఒకే చుట్టును రెండు దిశల్లోనూ తిరుగుతుంది.

రెండు తరంగాలూ సరిగ్గా ఒకే దూరం నడిచి, బయల్దేరిన చోట జతకలిసి బలపడతాయి. దాంతో ఎలక్ట్రాన్ వెనక్కి వచ్చే అవకాశం రెట్టింపవుతుంది. ఆ మేరకు వాహకత తగ్గుతుంది. దీన్ని ‘బలహీన స్థానికీకరణ’ అంటారు.

పొరకు లంబంగా అయస్కాంత క్షేత్రం పెడితే రెండు తరంగాల దశలు చెరోవైపు జరుగుతాయి. పొంతన చెడి, వాహకత పెరుగుతుంది. మామూలు లోహాల్లో క్షేత్రం నిరోధాన్ని పెంచుతుంది, ఇక్కడ తగ్గిస్తుంది. బంగారం వంటి బరువైన లోహాల్లో ఎలక్ట్రాన్ స్పిన్ దారిలో మెలితిరగడం వల్ల ఫలితం తలకిందులవుతుంది.

1979లో అబ్రహామ్స్, ఆండర్సన్, లిచియార్డెల్లోలతో కలిసి భారతీయ శాస్త్రవేత్త టి.వి. రామకృష్ణన్ ఇంకా పెద్ద మాట చెప్పారు. స్పిన్ మెలికనూ, ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణనూ పక్కనపెడితే, కాస్త మలినమున్నా చాలు, పరమశూన్య ఉష్ణోగ్రత వద్ద అలాంటి విశాలమైన పొర లోహమే కాదు!

పెద్ద చుట్టులో పొంతన చెడటానికి చిన్న క్షేత్రమే చాలు. అందుకే ఎంత క్షేత్రానికి వాహకత ఎంత మారిందో కొలిస్తే, ఎలక్ట్రాన్ తన తరంగ స్వభావాన్ని ఎంత దూరం నిలుపుకుంటుందో తెలుస్తుంది.