అడ్రసుల కరువు కన్న ఉపాయం

జహీరాబాద్‌లో ఓ ఇల్లు అనుకుందాం. రెండు ఫోన్లు, ఒక టీవీ, ఒక ల్యాప్‌టాప్, అన్నిటికీ ఒకటే వైఫై రౌటర్. ఇంట్లో ఎవరి అడ్రసు వాళ్లకుంది కానీ, బయటి ఇంటర్నెట్‌కు అందరూ ఒకే అడ్రసుతో కనిపిస్తారు.

దీని మూలం 1981లో ఉంది. అప్పుడు ఖరారైన ఐపీవీ4 అడ్రసుకు 32 బిట్లే. అంటే ప్రపంచం మొత్తానికి సుమారు 429 కోట్ల అడ్రసులు. అవి చాలవని త్వరలోనే తేలిపోయింది. 1994లో కెల్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ లోపలి అడ్రసును బయటి అడ్రసుగా మార్చే 'నాట్' అనే విరుగుడు చెప్పారు. మరుసటి ఏడు ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ మన జనానికి ఇంటర్నెట్ ఇచ్చేనాటికే అది కాగితం మీద ఉంది. తర్వాత దానికి పోర్టు నంబర్లు, అంటే ఒకే అడ్రసులో ఒక్కో పనికి ఒక్కో తలుపు లాంటి అంకెలు, తోడై, ఒక్క అడ్రసు ఇంటిల్లిపాదికీ సరిపోయింది.

ల్యాప్‌టాప్ బయటికి కబురు పంపితే, పంపిందెవరో రౌటర్ తన పట్టికలో రాసుకుంటుంది. జవాబు రాగానే పట్టిక చూసి వాళ్లకే చేరుస్తుంది. పట్టికలో లేనిది ఏదొచ్చినా పారేస్తుంది.

చిక్కు ఇక్కడే. పాతకాలపు ఐఆర్‌సీ చాట్‌లో మనం 6667 పోర్టుకు వెళ్తాం. 'ఎవరు మీరు?' అని కనుక్కోవడానికి సర్వర్ మాత్రం 113 పోర్టుకు వస్తుంది. రౌటర్ దాన్ని గెంటేస్తుంది. దీనికి రెండు దారులు. 113ను ఒక కంప్యూటర్‌కే శాశ్వతంగా కట్టేస్తే పోర్ట్ ఫార్వర్డింగ్. లోపలివాళ్లెవరైనా 6667కు వెళ్లినప్పుడే, వాళ్ల కోసమే 113 తెరిస్తే పోర్ట్ ట్రిగ్గరింగ్. పని అయిపోయి కాసేపటికి అదే మూసుకుంటుంది. ఒకసారికి ఒక్క పరికరానికే వీలు.

ట్రిగ్గరింగ్ పెట్టుకోవడం తేలికే. రౌటర్ అడుగున స్టిక్కర్ మీదున్న అడ్రసు, సాధారణంగా 192.168.1.1, బ్రౌజర్‌లో కొట్టి లాగిన్ కావాలి. పోర్ట్ ట్రిగ్గరింగ్ పేజీలో ట్రిగ్గర్ పోర్టు 6667, ఓపెన్ పోర్టు 113, రెంటికీ టీసీపీ అని నింపి సేవ్ చేయాలి.

అంతకుముందే స్టేటస్ పేజీలో 'వాన్' అడ్రసు, అంటే రౌటర్‌కు బయటివైపున్న అడ్రసు, చూసుకోవాలి. 2011 ఏప్రిల్‌లో ఆసియా పసిఫిక్ అడ్రసుల నిల్వ అడుగంటాక, చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే అడ్రసును ఎన్నో ఇళ్లకు పంచుతున్నాయి. వాన్ అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మన రౌటర్‌కు పైన కంపెనీ నాట్ ఇంకొకటి ఉన్నట్టే. అప్పుడు ఇంట్లో ఏ రూలు రాసినా లాభం లేదు. కంపెనీని పబ్లిక్ ఐపీ అడగాలి, లేదా 128 బిట్ల ఐపీవీ6కు మారాలి. అక్కడ ప్రతి పరికరానికీ సొంత అడ్రసు దొరుకుతుంది కాబట్టి నాట్‌తో పనిలేదు. ఎవర్ని రానివ్వాలో ఫైర్‌వాల్‌కు చెబితే చాలు.