అన్నం తగ్గించారు, పరుగు మొదలుపెట్టారు: రెండూ కలిస్తే ఏమవుతుంది?



పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయ్యాక ఈ మధ్య రెండు మాటలు తరచూ వినిపిస్తున్నాయి. ఒకటి, "మా ఇంట్లో అన్నం బాగా తగ్గించేశాం మేడమ్." రెండోది, "ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి పేరిచ్చాను, పొద్దున్నే పరిగెడుతున్నాను." రెండూ మంచి ఆలోచనలే. మనం రోజూ తినే తిండిలో 60 శాతానికి పైగా శక్తి పిండిపదార్థాల నుంచే వస్తోంది. షుగర్, పొట్ట ఉన్నవాళ్లు దాన్ని తగ్గించుకోవాలనుకోవడం సబబే. కానీ ఈ రెండు పనులూ ఒకే మనిషి ఒకేసారి మొదలుపెడితే ఏమవుతుంది?

చిన్న జవాబు ఇది. నెమ్మదిగా పరిగెత్తేవారికి కుదురుతుంది. వేగం కావాలనుకునేవారికి కష్టం. షుగర్ మందులు వాడేవారు డాక్టర్ని అడగకుండా చేయకూడదు. పిల్లలకు మాత్రం మనంతట మనం పెట్టకూడదు. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒంట్లో రెండు పొయ్యిలు

మన శరీరం పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. పెద్దవాళ్లలో కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు ఉంటుంది. అంటే దాదాపు 2,000 కిలో కేలరీలు. కొవ్వు నిల్వ అలా కాదు. సన్నగా ఉన్న మనిషిలో కూడా పదివేల కేలరీలకు మించే ఉంటుంది.

గ్లైకోజెన్ గ్యాస్ స్టవ్ లాంటిది. వెంటనే అంటుకుంటుంది, మంట పెంచుకోవచ్చు, కానీ సిలిండర్ చిన్నది. కొవ్వు కట్టెల పొయ్యి లాంటిది. కట్టెలకు కొదవ లేదు, కానీ మంట ఒక్కసారిగా పెరగదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. పరుగులో కిలోమీటరుకు, ఒంటి బరువు కిలోకు, సుమారు ఒక కిలో కేలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషికి హాఫ్ మారథాన్ (21.1 కి.మీ.) అంటే దాదాపు 1,500 కిలో కేలరీలు. ఫుల్ మారథాన్ (42.2 కి.మీ.) అంటే దాదాపు 3,000. గ్లైకోజెన్ మీదే ఎక్కువగా ఆధారపడి వేగంగా పరిగెత్తినవాళ్లకు 30 కిలోమీటర్లు దాటాక కాళ్లు కదలనట్టు అనిపించడానికి ముఖ్య కారణం ఇదే. "అయితే శరీరానికి కొవ్వు వాడటం అలవాటు చేస్తే సరిపోతుంది కదా?" అన్న ఆలోచన ఇక్కడి నుంచే పుట్టింది.

పరిశోధనలు ఏం చెప్పాయి?

ఆ ఆలోచనలో సగం నిజం ఉంది. 1983లో అమెరికాలో స్టీఫెన్ ఫిన్నీ బృందం ఐదుగురు సైక్లిస్టులకు నాలుగు వారాలపాటు దాదాపు పిండిపదార్థాలు లేని ఆహారం ఇచ్చింది. ఒక మోస్తరు వేగంలో వాళ్లు ఇంతకుముందు ఎంతసేపు తొక్కారో, సగటున అంతసేపే తొక్కగలిగారు. వాళ్ల శరీరాలు కొవ్వును ఎక్కువగా వాడుకోవడం నేర్చుకున్నాయి.

మిగతా సగం 2017లో తేలింది. ఆస్ట్రేలియాలో లూయిస్ బర్క్ బృందం ప్రపంచ స్థాయి రేస్ వాకర్లకు మూడు వారాలు గట్టి శిక్షణ ఇచ్చింది. పిండిపదార్థాలు తిన్నవాళ్ల 10 కిలోమీటర్ల టైమ్ మెరుగైంది. రోజుకు 50 గ్రాముల లోపు తిన్నవాళ్లది మెరుగుపడలేదు. కొవ్వును బాగా వాడుతున్నా, అదే వేగానికి వాళ్లకు ఎక్కువ ఆక్సిజన్ కావలసివచ్చింది. ఒక లీటరు ఆక్సిజన్‌తో పిండిపదార్థం సుమారు 5 కిలో కేలరీలు ఇస్తే, కొవ్వు సుమారు 4.7 మాత్రమే ఇస్తుంది. తేడా చిన్నదే. కానీ ఊపిరి అందని వేగంలో, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, ఆ తేడా తెలుస్తుంది.

కాబట్టి పక్కవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడుతూ పరిగెత్తగల వేగంలో లో-కార్బ్ పనికొస్తుంది. ఒక్కో మాట విడివిడిగా వచ్చేంత వేగానికి పిండిపదార్థం కావాలి.

లో-కార్బ్ అంటే ఎంత?

సాధారణంగా రోజుకు 130 గ్రాముల లోపు పిండిపదార్థాన్ని లో-కార్బ్ అనీ, 50 గ్రాముల లోపును కీటో అనీ అంటారు. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాములు ఉంటుంది. కడుపునిండా ఒక పూట అన్నం తింటేనే 80 గ్రాములు దాటిపోతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. "అన్నం మానేసి కొర్రలు తింటున్నాం" అంటే అది లో-కార్బ్ కాదు. కొర్రలు, రాగులు, గోధుమపిండి, వీటన్నిటిలోనూ 100 గ్రాములకు 60 గ్రాములకు పైగా పిండిపదార్థమే. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, అందుకని మంచివే, కానీ లెక్క లెక్కే. నిజంగా తగ్గేది పళ్లెంలో బీరకాయ, సొరకాయ, వంకాయ, తోటకూర, గోంగూర పెరిగి, గుడ్లు, చేపలు, చికెన్, పనీర్, పల్లీలు చేరినప్పుడే. శాకాహారులు పప్పులో ఉన్న పిండిపదార్థాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మొదలుపెట్టేవారికి

1. మొదటి వారంలో తగ్గే బరువులో ఎక్కువ భాగం నీరే. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు 3 గ్రాముల నీరు నిల్వ ఉంటుంది. గ్లైకోజెన్ పోతే ఆ నీరూ పోతుంది.

2. ఆ నీటితోపాటు ఉప్పు కూడా బయటికి పోతుంది. పైన చెమట ఉండనే ఉంది. తలనొప్పి, కళ్లు తిరగడం, కండరాలు పట్టేయడం అందుకే. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, రసం తీసుకోండి. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవారు ఉప్పు విషయం డాక్టర్ని అడగాలి.

3. శరీరం అలవాటుపడటానికి కనీసం మూడు నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా దూరం, వేగం పెంచవద్దు. రేసుకు పదిహేను రోజుల ముందు మాత్రం అసలు మొదలుపెట్టవద్దు.

4. చాలామందికి మధ్యేమార్గం నయం. తేలిక పరుగు రోజుల్లో తక్కువ తినండి. గంటన్నర దాటే పరుగుకు ముందురోజు రాత్రి అన్నం లేదా పెరుగన్నం తినండి. పరుగు మధ్యలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందేలా చూసుకోండి. ఒక మామూలు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది.

షుగర్ మందులు వాడుతున్నారా?

ఈ భాగం దయచేసి దాటవేయకండి. ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవారు పాత మోతాదే వాడుతూ అన్నం తగ్గించి పరిగెత్తితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారికి మరో ప్రమాదం ఉంది. గ్లూకోమీటర్‌లో షుగర్ మరీ ఎక్కువ చూపించకపోయినా రక్తంలో ఆమ్లాలు పేరుకునే కీటోఅసిడోసిస్ రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మందు మానడం, తగ్గించడం కూడా సొంతంగా చేయకండి. ముందు డాక్టర్‌తో మాట్లాడండి, తర్వాతే పళ్లెం మార్చండి.

మరి మన పిల్లలు?

టీచర్‌గా నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. "అన్నం తింటే లావైపోతాం" అనే మాట ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లల నోట కూడా వస్తోంది. ఇంట్లో విన్నదే వాళ్లు లంచ్ దగ్గర అంటారు. పిల్లలు ఎదిగే వయసులో ఉన్నారు. స్కూల్లో ఆరేడు గంటలు కూర్చుని చదివి, సాయంత్రం కబడ్డీ, బాస్కెట్‌బాల్ ఆడతారు. వాళ్లకు అన్నం, ఇడ్లీ, చపాతీ, పండు కావాలి. తిండి చాలకుండా కష్టమైన ఆటలాడే ఆడపిల్లల్లో నెలసరి ఆగిపోవడం, ఎముకలు బలహీనపడటం కూడా జరుగుతాయి.

పిల్లలకు కీటో ఆహారం ఇచ్చే సందర్భం లేకపోలేదు. మందులకు లొంగని మూర్ఛకు 1921 నుంచి ఈ చికిత్స ఉంది. కానీ అది డాక్టర్, డైటీషియన్ల పర్యవేక్షణలో జరిగే వైద్యం. ఇంట్లో సొంతంగా చేసే ప్రయోగం కాదు.

మీరు తగ్గిస్తే తగ్గించండి. కానీ ఎందుకు తగ్గిస్తున్నారో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పండి: "నాన్నకి షుగర్ ఉంది, అందుకని తక్కువ తింటున్నాను. నువ్వు పెరగాలి, నువ్వు తిను." అన్నాన్ని శత్రువుగా చూపించకండి. ఆదివారం పొద్దున మీ పరుగుకు వాళ్లనూ వెంట తీసుకెళ్లండి. ఇంటికొచ్చాక వాళ్లకు కడుపునిండా టిఫిన్ పెట్టండి.