స్టాంపు మీదికెక్కని పాములు

2003 నవంబరు 12న తపాలా శాఖ పాముల మీద నాలుగు స్టాంపులు విడుదల చేసింది. ఒక్కోటి అయిదు రూపాయలు. కొండచిలువ, రాచనాగు, వెదురు పొదల్లో ఉండే ఆకుపచ్చ పింజర, చెట్టు మీంచి గాలిలో జారుతూ దిగే ఎగిరే పాము వాటి మీద చోటు చేసుకున్నాయి. బొమ్మలు చూడముచ్చటైనవే. కానీ జగిత్యాల, కోరుట్ల పసుపు చేలల్లో, సిరిసిల్ల వరి మడుల్లో రైతు భయపడాల్సిన నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర వాటిలో లేవు.

ఈ నాలుగింటిలో పూజ దక్కింది నాగుపాముకే. శ్రావణంలో నాగులపంచమికి పుట్టలో పాలు పోస్తాం. నిజానికి పుట్ట కట్టేవి చెదపురుగులు. లోపలి చల్లదనానికి, ఎలుకలకు ఆశపడి పాము అందులో చేరుతుంది. పాలు దాని తిండి కాదు.

పాము నాలుక ఎందుకు చీలిందో భారతం ఆదిపర్వంలో ఒక కథ ఉంది. గరుత్మంతుడు తెచ్చిన అమృతాన్ని దర్భల మీద పెడితే ఇంద్రుడు ఎత్తుకుపోయాడు. ఆశ చావని పాములు ఆ దర్భలనే నాకాయి, నాలుకలు చీలాయి. శాస్త్రం చెప్పే కారణమూ ఆసక్తికరమే. పాము నాలుక చాపేది వాసన పట్టడానికి. కుడి కొన ఒక వైపు, ఎడమ కొన మరో వైపు వాసన కణాలను అద్దుకుంటాయి. అంగిట్లోని జేకబ్‌సన్ అవయవం వాటిని పసిగడుతుంది. ఏ వైపు ఘాటుగా ఉంటే ఎలుక అటు పోయినట్టు.

రైతు భయపడాల్సిన ఆ నాలుగు పాముల విషాలు ముఖ్యంగా రెండు తీరులు. పింజరల విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. డాక్టరు పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. వంచినప్పుడు నీళ్లలా జారితే విషం ఎక్కినట్టే. నాగుపాము, కట్లపాము విషాలు నరాల మీద పనిచేసి ఊపిరి ఆపేస్తాయి. కట్లపాము మరీ గుట్టుది. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి, వాపు ఉండకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాలిపోయే రెప్పలు.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఏటా సగటున 58 వేల మంది. అందులో నూటికి 70 మంది ఎనిమిది రాష్ట్రాలవాళ్లే. తెలంగాణ కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి.

రాత్రి మోటరు వేయడానికి పోతే టార్చి, కాళ్లకు బూట్లు ఉండాలి. పడుకునేది మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి. పాము కరిస్తే తాడు బిగించొద్దు, గాటు పెట్టొద్దు, మంత్రమని కూర్చోవద్దు. కరిచిన కాలు కదలకుండా చూసి నేరుగా ఆసుపత్రికి పోవాలి. పామును చంపి పట్టుకుపోదామని పొద్దు పోగొట్టుకోనక్కర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర వీటిలో ఏది కరిచినా ఇచ్చే మందు ఒక్కటే.