ఇన్‌ఫ్రారెడ్ సౌనా: ఒళ్ళునొప్పులకు వేడి ఎంతవరకు మేలు?

పరుగు, జిమ్, షటిల్, క్రికెట్, ఉదయపు నడక – ఏదో ఒక వ్యాయామం చేసేవారు మన పట్టణాల్లో పెరిగారు. ఇది సంతోషించవలసిన విషయం. వారిలో కొందరు మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది: “వ్యాయామం తర్వాత ఇన్‌ఫ్రారెడ్ సౌనాలో కూర్చుంటే కండరాల నొప్పి త్వరగా తగ్గుతుందంటున్నారు. నిజమేనా?” ఆరోగ్యంగా ఉన్నవారి విషయంలో కొంతవరకు నిజమే. అయితే అదే వేడి మరికొందరికి కీడు చేస్తుంది. ఆ తేడా ఎక్కడుందో ఇక్కడ తెలుసుకుందాం.

ఇన్‌ఫ్రారెడ్ అంటే ఏమిటి?

1800లో విలియం హెర్షెల్ అనే శాస్త్రవేత్త సూర్యకాంతిని గాజు పట్టకం గుండా రంగులుగా విడదీసి, రంగుల దగ్గర థర్మామీటర్లు పెట్టి చూశారు. ఎరుపు రంగుకు అవతల, కంటికి ఏమీ కనిపించని చోట కూడా వేడి ఉన్నట్టు తేలింది. ఆ కనిపించని కిరణాలే ఇన్‌ఫ్రారెడ్, అంటే పరారుణ కిరణాలు. నిప్పుల కుంపటి దగ్గర చెయ్యి చాపితే తగిలే వెచ్చదనం వీటిదే. ఫిజియోథెరపీ విభాగంలో మెడకు, నడుముకు పెట్టే ఎర్ర లైటు కాపడం కూడా ఈ కిరణాలతోనే.

ఫిన్లండ్ దేశపు సంప్రదాయ సౌనాలో రాళ్ళను కాల్చి, గదిలోని గాలిని సుమారు 80 నుంచి 100 డిగ్రీల సెంటిగ్రేడ్ వరకు వేడి చేస్తారు. ఇన్‌ఫ్రారెడ్ సౌనా అలా కాదు. అది చిన్న చెక్క గది. గోడల్లోని హీటర్లు శరీరాన్ని నేరుగా వెచ్చబరుస్తాయి గనుక గది వేడి 45 నుంచి 60 డిగ్రీలు ఉంటే చాలు. ఈ కిరణాలు ఎముకల దాకా చొచ్చుకుపోతాయని ప్రకటనల్లో చెబుతుంటారు. నిజానికి ఇలాంటి గదుల్లో ఎక్కువగా వాడే ఫార్ ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను చర్మపు పై పొరే పీల్చుకుంటుంది. అక్కడి నుంచి వేడిని లోపలికి మోసుకుపోయేది ముఖ్యంగా మన రక్తమే.

శరీరంలో ఏం జరుగుతుంది?

చర్మం వేడెక్కగానే రక్తనాళాలు విప్పారతాయి, గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, రక్తపోటు తగ్గవచ్చు. బిగుసుకున్న కండరాలు వదులవుతాయి. ఉప్పుమూట కాపడం, వేడినీళ్ళ స్నానం ఇచ్చే హాయి కూడా ఇటువంటిదే.

ఫిన్లండ్‌లో 16 మంది బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళపై చేసిన పరిశోధన 2023లో ప్రచురితమైంది. బరువుల వ్యాయామం తర్వాత వారిని సుమారు 43 డిగ్రీల ఇన్‌ఫ్రారెడ్ సౌనాలో 20 నిమిషాలు కూర్చోబెట్టారు. మర్నాడు వారికి కండరాల నొప్పి తక్కువగా ఉంది, పైకి ఎగిరే శక్తి కూడా అంతగా తగ్గలేదు. ఇది మంచి ఫలితమే. అయితే వారు కొద్దిమంది, అందరూ ఆరోగ్యవంతులైన మగవారు అని గుర్తుంచుకోవాలి.

సౌనా గుండెను కాపాడుతుందనే మాట కూడా వింటుంటాం. ఫిన్లండ్‌లోనే 2,315 మంది మగవారిని సుమారు 20 ఏళ్ళు గమనించిన పరిశోధన 2015లో వెలువడింది. వారానికి 4 నుంచి 7 సార్లు సౌనా చేసినవారిలో ఆకస్మిక గుండె మరణాలు తక్కువగా కనిపించాయి. కాని అది సంప్రదాయ సౌనా గురించి చేసిన పరిశోధన. దాని ఫలితాన్ని ఇన్‌ఫ్రారెడ్ గదికి అంటగట్టడం సరికాదు. జపానులో గుండె బలహీనమైన రోగులను 60 డిగ్రీల ఇన్‌ఫ్రారెడ్ గదిలో 15 నిమిషాలు ఉంచి, తర్వాత 30 నిమిషాలు దుప్పటి కప్పి పడుకోబెట్టే వైద్యం ఉంది. అది డాక్టర్ల పర్యవేక్షణలో జరిగే చికిత్స. దాన్ని చూసి ఎవరికివారు ప్రయత్నించకూడదు.

చెమటతో విషాలు పోతాయా?

చెమట పని శరీరాన్ని చల్లబరచడం. మలినాలను బయటకు పంపే పని కాలేయానిది, మూత్రపిండాలది. సౌనా తర్వాత తూకం ఒక కిలో తగ్గితే, తగ్గింది కొవ్వు కాదు, దాదాపు ఒక లీటరు నీరు. నీళ్ళు తాగగానే ఆ బరువు తిరిగి వస్తుంది, రావాలి కూడా.

ఎవరు దూరంగా ఉండాలి?

• షుగరు వ్యాధి వల్ల కాళ్ళలో స్పర్శ తగ్గినవారు. వీరికి చర్మం కాలుతున్నా తెలియదు. చిన్న బొబ్బ మానని పుండుగా మారి, చివరకు కాలికే ముప్పు తేవచ్చు. ఇంట్లో పెట్టుకునే వేడినీళ్ళ కాపడానికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవారిలో వేడికి మందు త్వరగా రక్తంలో కలిసి షుగరు పడిపోవచ్చు.
• ఈమధ్య గుండెపోటు వచ్చినవారు, ఛాతీనొప్పి ఉన్నవారు. రక్తపోటుకు, ఒంట్లో నీరు తగ్గడానికి మాత్రలు వాడేవారు ముందుగా తమ డాక్టరును అడగాలి.
• గర్భవతులు, చిన్నపిల్లలు, జ్వరం లేదా విరేచనాలతో ఉన్నవారు.
• మద్యం తాగినవారు.
• సంతానం కోసం ఎదురుచూస్తున్న మగవారు. అధిక వేడి వీర్యకణాలను కొంతకాలం తగ్గిస్తుంది.

కొత్తగా బెణికి వాచిన చోట మొదటి 48 గంటలు ఏ రకమైన వేడీ పనికిరాదు. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, విశ్రాంతి ఇవ్వాలి.

ఎలా చేయాలి?

వ్యాయామం ముగియగానే వెళ్ళకండి. ముందు నీళ్ళు తాగి, గుండె వేగం మామూలు స్థితికి వచ్చేవరకు ఆగండి. మొదటిసారి 10 నిమిషాలు చాలు. అలవాటైనా 20 నిమిషాలు దాటించకండి. ఒంటరిగా వెళ్ళకండి, లోపల నిద్రపోకండి. లేచేటప్పుడు నెమ్మదిగా లేవండి. తర్వాత నీళ్ళో, ఉప్పు వేసిన పలుచని మజ్జిగో తాగండి. చెమట ఎక్కువగా పోతే ఒక లీటరు నీటిలో ఒక పెద్ద ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ మొత్తం కలిపి తాగవచ్చు. రక్తపోటు, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఉప్పు విషయం డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

ఎవరు ఎక్కువసేపు కూర్చుంటారో అని పందేలు వద్దు. 2010లో ఫిన్లండ్‌లో జరిగిన ప్రపంచ సౌనా పోటీల్లో 110 డిగ్రీల వేడిలో కూర్చున్న ఒక పోటీదారు మరణించాడు. ఆ తర్వాత ఆ పోటీలనే ఆపేశారు.

మరొక మాట. ఫిన్లండ్ వారు సౌనా నుంచి బయటికి రాగానే చల్లని గాలిలోనో, చెరువు నీటిలోనో ఒళ్ళు చల్లార్చుకుంటారు. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో బయటికి వస్తే ఎదురయ్యేది వడగాలి. చల్లబడే వీలు లేని రోజున సౌనా మానుకోవడమే మేలు.

ఏ నొప్పికి డాక్టరును చూడాలి?

కొత్త వ్యాయామం తర్వాత వచ్చే నొప్పి సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. కొన్ని నొప్పులు అలాంటివి కావు. నడుస్తుంటే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుంటే కాలి రక్తనాళాలు పూడుకుపోతున్నాయేమో చూడాలి. తీవ్రమైన వ్యాయామం తర్వాత కండరాలు విపరీతంగా నొప్పిపెట్టి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే కండరాలు దెబ్బతిని మూత్రపిండాలకు ప్రమాదం ఏర్పడిందని అనుమానించాలి. శ్రమలో ఛాతీ బరువెక్కి, ఎడమ చేతికి గాని దవడకు గాని నొప్పి పాకితే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు. ఇటువంటి నొప్పులకు కాపడం పెడుతూ కూర్చుంటే చికిత్సకు అందవలసిన సమయం చేజారిపోతుంది.

సౌనా అందుబాటులో లేదని ఎవరూ చింతించనక్కరలేదు. అలసిన కండరాన్ని బాగుచేసేవి ముఖ్యంగా రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర, పప్పు, గుడ్డు, పాలు వంటి మాంసకృత్తులున్న భోజనం, తగినన్ని నీళ్ళు, మర్నాడు కాస్త తేలికపాటి నడక. వీటి తర్వాతే ఏ వేడి అయినా. స్పర్శ బాగా ఉన్నవారికి సాయంత్రం ఒక గోరువెచ్చని నీళ్ళ స్నానం కూడా ఎంతో హాయినిస్తుంది.