మడిలో మట్టి ఎందుకు దిగిపోయింది?

సంక్రాంతి దాటింది, మిద్దె మీద చిక్కుడు కాపు అయిపోవచ్చింది. వానాకాలంలో అంచుదాకా నింపిన మడి ఇప్పుడు బెత్తెడు వెలితిగా ఉంది. ఎవరూ తవ్వుకుపోలేదే!

మట్టి కొంత అణిగింది. అసలు తగ్గింది మాత్రం ఎరువు. పేడ, ఆకులు సూక్ష్మజీవులకు తిండి. అవి తిన్నదాంట్లోని కార్బన్ చాలావరకు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసిపోతుంది.

ఎండలు ముదరకముందే ఆ వెలితి నింపాలి. చిక్కుడు తీగను పీకకండి, మొదలు దగ్గర కోయండి. వేర్ల బుడిపెల్లో రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. వేర్లు మట్టిలోనే కుళ్లితే, వాటిలో మిగిలింది తర్వాత వేసే బెండకు అందుతుంది. పైన రెండంగుళాల మందాన మాగిన పశువుల ఎరువు వేయండి. పచ్చిపేడ వద్దు, కుళ్లేటప్పుడు వేడెక్కి లేతవేర్లను దెబ్బతీస్తుంది. ఆపైన ఎండుటాకులు కప్పితే తేమ త్వరగా ఆరదు.