డబ్బాలో ఉన్న వాటితోనే గుర్రపు సిపాయికి కొత్త రూపు

ఆరు శుక్రవారాలు... ఒక కొవ్వొత్తి... పారేసే కాడలు

అభా: కఫీల్ ఇంటి స్టోర్‌రూం సర్దుతుంటే పాత అట్టపెట్టె ఒకటి బయటపడింది. మూత మీద తలపాగా చుట్టి, చేత ఈటె పట్టి, గుర్రమెక్కిన సిపాయి బొమ్మ. "పనికిరాదు, పారేయ్" అన్నాడు పెద్దాయన. తీసుకెళ్లి చెత్తడబ్బా దాకా వెళ్లాను గానీ చెయ్యి రాలేదు. ఆ మొహం మన దేశపు మొహం మరి! అడిగితే "తీసుకో" అని నవ్వాడు.

అప్పటికి సెలవు మీద ఊరెళ్లడానికి ఆరు శుక్రవారాలే మిగిలాయి. ఆ రాత్రి వీడియో కాల్‌లో మా చిన్నోడికి చూపించాను. నేను వచ్చేటప్పుడు వాడికి ఏడేళ్లు, ఇప్పుడు పది. కాల్ చేస్తే రెండు మాటలు మాట్లాడి ఫోన్ వాళ్లమ్మకిచ్చే పిల్లాడు, ఆ రోజు మాత్రం "డాడీ, దగ్గరగా చూపియ్యి" అన్నాడు. "నిలబెట్టి తెస్తా" అని మాటిచ్చేశాను.

మనవాళ్లు ఇటు వచ్చినవాళ్లే

ఆ బొమ్మ ఇంగ్లండుకు చెందిన ఎయిర్‌ఫిక్స్ కంపెనీది. 1939లో మొదలైన ఈ కంపెనీ తొలినాళ్లలో దువ్వెనలు కూడా చేసేది. తర్వాత విడి ముక్కలను అతికించి తయారుచేసుకునే ప్లాస్టిక్ బొమ్మలతో పేరు తెచ్చుకుంది. 1970లలో వచ్చిన దాని 54 మిల్లీమీటర్ల సిపాయిల వరుసలో 1901 నాటి 'బెంగాల్ లాన్సర్' ఒకడు. నిలబడితే మనిషి రెండంగుళాల పైచిలుకు ఉంటాడు, అంతే.

లాన్సర్ అంటే ఈటె పట్టిన గుర్రపు సిపాయి. అలాంటి దళం మన నిజాం రాజ్యానికీ ఉండేది. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యాక హైదరాబాద్ లాన్సర్లను సూయెజ్ కాలువ కాపలాకు ఈజిప్టు పంపారు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణాన్ని తుర్కుల నుంచి గెలుచుకున్నవి జోధ్‌పూర్, మైసూర్ దళాలు. హైదరాబాద్ దళం కూడా అదే బ్రిగేడులోది. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో నిలబడ్డ మూడు విగ్రహాలు ఈ మూడు రాజ్యాల సిపాయిలవే. ఆ యుద్ధంలో ఓడాకే తుర్కులు మన ఈ అభాను కూడా వదిలి వెళ్లారు. అంటే వందేళ్ల కిందటే మనవాళ్లు అరబ్బు నేల మీద కొలువు చేశారన్నమాట. ఈ సంగతి చెబితే చిన్నోడు ఫోన్ వదల్లేదు.

పెట్టె విప్పితే...

సగం ముక్కలు ఊడి ఉన్నాయి, సగం ఇంకా ఫ్రేముకే ఉన్నాయి. ఈటె విరిగింది. గుర్రానికి ఒక చెవి లేదు. ఎవరో చిన్నప్పుడు గుర్రం రెండు సగాలనూ వంకరగా అతికించారు. పొట్ట కింద వేలిగోరు పట్టేంత సందు. లప్పం, రాడ్లు, రంగులు కొనాలంటే అభాలో వెతకాలి, దొరికినా పైసలు పెట్టాలి. అందుకే ఒక నియమం పెట్టుకున్నాను. జిగురు, కత్తి, గరుకు కాగితం, కొవ్వొత్తి తప్ప బయటి సరుకేదీ వాడొద్దు. జిగురు సీసా జిద్దా నుంచి వచ్చే స్నేహితుడు తెచ్చాడు.

అసలు సరుకు పెట్టెలోనే ఉంది. ముక్కలు కాయల్లా వేలాడే ఆ ప్లాస్టిక్ కాడలే అది. అందరూ ముక్కలు తెంపుకుని కాడలను పారేస్తారు. అవీ బొమ్మ పోసిన ప్లాస్టిక్కే, అదే రంగు. మన కొండపల్లి బొమ్మలవాళ్లు చేసేదీ ఇదే కదా. తెల్ల పొణికి కర్ర చెక్కగా వచ్చిన పొట్టులో చింతగింజల పిండి కలిపి 'మక్కు' చేసి, దాంతోనే అతుకులు పూడుస్తారు.

మొదటి శుక్రవారం గోరువెచ్చని సబ్బునీళ్లలో ముక్కలన్నీ కడిగి ఆరబెట్టాను. జిడ్డు ఉంటే జిగురు పట్టదు. తర్వాత కత్తి అంచును నిలువుగా పట్టి, అచ్చు కలిసిన చోట ఉన్న గీతలన్నీ గీకేశాను. కోయకూడదు, గీకాలి.

అభాలో నీళ్లు మోసం చేశాయి

సిపాయి కుడిచెయ్యి మరీ బిగుసుకుని ఉంది. వేడినీళ్లలో ముంచి వంచొచ్చని ఎవరో చెప్పగా విన్నాను. రెండో శుక్రవారం మరిగే నీళ్లలో ఎంతసేపు పెట్టినా వంగలేదు. ఎందుకో తర్వాత తెలిసింది. ఈ ప్లాస్టిక్ మెత్తబడాలంటే దాదాపు 100 డిగ్రీల వేడి కావాలి. అభా సముద్రమట్టానికి సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్ లేకపోతే పప్పు ఉడకదని మన రూముల్లో తిట్టుకునేది ఇందుకే!

చివరికి మోచేతి లోపలివైపు చిన్న నోరులా కోసి, మెల్లగా వంచి, జిగురు పెట్టి దారంతో కట్టి వదిలేశాను. తెల్లారేసరికి అతుక్కుంది.

కాడ లాగితే ఈటె

మూడో శుక్రవారం ఈటె పని. అప్పట్లో సిపాయిల ఈటె సుమారు తొమ్మిదడుగుల వెదురు బొంగు. బొమ్మ లెక్కలో అది ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. నాలుగంగుళాల తిన్నని కాడ కోసి, కొవ్వొత్తి మంటకు కాస్త పైన పట్టి, వేళ్లతో తిప్పుతూ ఉండాలి. నిగనిగలాడి జారబోతున్నప్పుడు మంట పక్కకు తీసి రెండు అంకెలు లెక్కపెట్టి లాగాలి. నిదానంగా లాగితే పుల్ల, వేగంగా లాగితే దారం. నా మొదటి రెండు కాడలూ నల్లబడి అంటుకున్నాయి, మూడోది తిన్నగా వచ్చింది. కత్తి మొనతో అక్కడక్కడా కణుపులు గీశాను. పాత ఈటె మొననే కొత్త పుల్లకు అతికించాను.

ఆ పుల్లల్లో మిగిలినవి వృథా పోలేదు. సన్నగా చక్రాల్లా కోస్తే గుండీలు. వేడి ముక్కను స్టీలు గ్లాసు అడుగుతో నొక్కితే రేకు, అందులో కత్తిరించినవే బకిల్సు, గుర్రం చెవి.

నాలుగో వారం పొట్ట కింది సందు. కాడను సన్నగా తరిగి, నీళ్లలా పలుచగా ఉండే ప్లాస్టిక్ జిగురులో వేసి మూతపెడితే రాత్రికి రాత్రి తేనెలా అవుతుంది. ఈ జిగురు ప్లాస్టిక్కును కరిగించి ఒకటి చేస్తుంది, అందుకే అతుకు ఊడదు. తొందరపడి మర్నాడే గరుకు కాగితం పట్టాను. లోపల ఇంకా పచ్చిగా ఉండి గుంట పడింది. ఒక వారం పోయింది! ఐదో శుక్రవారం మళ్లీ పలుచగా పూసి, వారమంతా ముట్టుకోలేదు.

ఆరో శుక్రవారం, అంటే విమానానికి నాలుగు రోజుల ముందు, పొట్ట నున్నగా రుద్దాను. తయారీ విధానం ఉన్న కాగితం అంచులు సన్నగా కోసి కళ్లేలు, పట్టీలు చేశాను. ఈటె మీది చిన్న జెండా కూడా ఆ కాగితమే. పైన అదే ప్లాస్టిక్ పేస్టు పలుచగా రాస్తే బిరుసెక్కి నిలబడ్డాయి.

జాగ్రత్త సుమా!

ఇది చదివి ఎవరైనా చెయ్యాలనుకుంటే ఒక్క మాట. అభాలో చలికని కిటికీలన్నీ మూసి పడుకుంటాం. ఈ జిగురు ఆవిరి, కాలిన ప్లాస్టిక్ పొగ రెండూ ఒంటికి చేటు. పైగా జిగురు ఇట్టే అంటుకుంటుంది. రూములో, మంచాల మధ్య కొవ్వొత్తి వెలిగించొద్దు. నేను ఈ పనంతా మేడ మీద చేశాను. మంట వెలిగినప్పుడు జిగురు సీసా కింద రూములో ఉండేది, పక్కన బకెట్‌తో నీళ్లు.

రంగు వెయ్యలేదు. నియమం ఒకటుంది, టైమూ లేదు. కాడల రంగూ బొమ్మ రంగూ ఒకటే కాబట్టి అతుకులు వెతికితే గానీ కనిపించవు. ఈటెను విడిగా చొక్కా మడతలో చుట్టి, సిపాయిని అన్నం డబ్బాలో దూది మధ్య పెట్టి, చేతి బ్యాగులోనే తీసుకెళ్లాను.

ఇంటికెళ్లాక ఈటె చేతిలో దూర్చింది మా చిన్నోడే. తిప్పి తిప్పి చూసి, "ఈ చెవి నువ్వు చేసిందే కదా" అని పట్టేశాడు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని రంగు డబ్బాలు కొనడానికి జగిత్యాల బయల్దేరాడు.